మడతక్క కొలతల రెక్కలు

పంపులాయనకి ఎత్తు అంటే భయం. అలాంటి ఇలాంటి భయం కాదు. వంటింట్లో బల్బు పోతే స్టూలు తెచ్చేది ఆయనే, కదలకుండా పట్టుకునేది ఆయనే, ఎక్కేది మాత్రం భార్య. మేడమీద మోటారు చెడిపోయిందని ఎవరైనా కబురు పెడితే, "కిందికి దింపి ఉంచండి, వచ్చి చూస్తాను" అనేవాడు. నీళ్ళ పంపులు బాగుచేయడంలో చుట్టుపక్కల ఆయన్ని మించినవాడు లేడు కాబట్టి జనం తిట్టుకుంటూనే దింపేవారు. అలాంటి మనిషి షెడ్డులో, ఒంటికి తొడుక్కుని ఆకాశంలో ఎగిరే ఇంజిన్ రెక్కలు తయారవుతున్నాయంటే ఎవరికైనా నవ్వు రాకుండా ఉంటుందా? వీధి వీధంతా నవ్వింది. అందరికంటే ముందు ఆయన అత్తగారు నవ్వింది.

ఆయన భార్యని ఊళ్ళో అందరూ మడతక్క అంటారు. ఊరి చివర పారాచూట్‌తో దూకడం నేర్పే క్లబ్బు ఒకటుంది. అక్కడ పారాచూట్లు మడిచే పని ఆవిడది. పొడవాటి హాలు, నేలంతా తివాచీ, పైన ఫ్యాన్లున్నా వేయరు, గాలికి గుడ్డ చెదిరిపోతుందని. పెళ్ళి కాకముందు నుంచీ ఆ తివాచీ మీద మోకాళ్ళతో పాకుతూ ఆవిడ అదే పని చేస్తోంది. తాళ్ళని చిక్కు లేకుండా విడదీసి, గుడ్డని మడత మీద మడత పెట్టి, మోకాలితో లోపలి గాలంతా పిండేసి, సంచిలో కుక్కి పిన్ను గుచ్చుతుంది. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చింది. వాళ్ళింట్లో దుప్పట్లు, తువ్వాళ్ళు, పాత పేపర్లు, ఆఖరికి కూరగాయల సంచులు కూడా ఒకే కొలతలో మడిచి పేర్చి ఉంటాయి. పంపులాయన జేబులో ఎప్పుడూ ఇస్త్రీ చేసిన రుమాలు ఒకటి ఉండేది. అంత ముచ్చటగా మడిచినదాన్ని విప్పడానికి చేతులు రాక ఆయన చొక్కా చేతికే మొహం తుడుచుకునేవాడు.

క్లబ్బు కుర్రకారు ఆవిణ్ణి అక్కా అంటారు, ఈయన్ని బాబాయ్ అంటారు. "అక్క మొగుడు బాబాయ్ ఎలా అవుతాడర్రా? వరసలు మంటగలిపేస్తున్నారు" అని అత్తగారు ఎన్నిసార్లు మొత్తుకున్నా ఎవరూ వినిపించుకోలేదు.

ఆ మడతల హాల్లో ఒక కట్టుబాటు ఉంది. ఆవిడకి పని నేర్పిన ముసలాయన పెట్టి వెళ్ళాడు. మడిచిన మనిషి, తను మడిచిన పారాచూట్‌తో దూకడానికి ఎప్పుడడిగితే అప్పుడు సిద్ధంగా ఉండాలి. ఏడాదికి ఓ రోజు కోచ్ కళ్ళు మూసుకుని బీరువాలోంచి ఏదో ఒక సంచి లాగి, "అక్కా, ఇది నీది" అంటాడు. మడతక్క చేతులు దులుపుకుని, జడ చొక్కాలోకి దోపుకుని, విమానమెక్కి దూకి వస్తుంది. మిగతా రోజుల్లో కూడా విమానంలో సీటు ఖాళీ ఉంటే ఊరుకునేది కాదనుకోండి. కానీ ఆ ఏడాదికోసారి దూకడం మాత్రం ఆవిడకి పరీక్ష లాంటిది. ఎదుటివాడి ప్రాణానికి సరిపోతుందనుకున్న ముడి మన ప్రాణానికీ సరిపోవాలి, సరిపోకపోతే అది ముడే కాదంటుంది ఆవిడ.

ఆ రోజు పంపులాయన ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరిగేవాడు. గేటు చప్పుడయ్యేదాకా మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదు. ఆవిడ లోపలికి అడుగు పెట్టగానే, ఏమీ పట్టనట్టు మొహం పెట్టి, "ఎగిరొచ్చావా?" అనేవాడు.

"ఎక్కడి ఎగరడమండీ? పడొచ్చాను" అనేది ఆవిడ. ఏటా అదే ప్రశ్న, అదే జవాబు.

ఒక ఏడాది మాత్రం ఆవిడ గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుతూ ఇంకో మాట కూడా అంది. "ఇన్నేళ్ళుగా పడ్డమే గానీ ఎగిరిందెప్పుడు చెప్పండి. మెల్లిగా పడితే పారాచూట్ అంటారు, గట్టిగా పడితే ఇంకోటంటారు. పిచ్చుకైనా రోజుకోసారి పైకెళ్తుంది. నేనెప్పుడూ కిందికే."

అని బూట్లు మూలన పెట్టి, ఆ మాట అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. పంపులాయన మాత్రం ఆ మాటతోపాటు గుమ్మంలోనే ఉండిపోయాడు. కిందున్నదాన్ని పైకి తోయడం ఆయన వృత్తి. బావిలో నీళ్ళని మేడెక్కించినవాడు, కట్టుకున్నది కిందపడుతుంటే చూస్తూ ఊరుకున్నానే అని ఎక్కడో కలుక్కుమంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి క్లబ్బులో కోచ్ కొత్త రకం సూటొకటి చూపించాడు. చంకల కింద, కాళ్ళ మధ్య గుడ్డ రెక్కలుంటాయి. అది వేసుకుని దూకి చేతులు చాపితే మనిషి నిట్టనిలువుగా పడకుండా ముందుకి జారుతూ దిగుతాడు. "దీనికో ఇంజిన్ ఉంటేనా బాబాయ్, పైకి కూడా వెళ్ళొచ్చు" అన్నాడు కోచ్. ఊరికే అన్నాడు పాపం. మర్నాటికల్లా పంపులాయన షెడ్డులో పంపులన్నీ ఓ మూలకి జరిగాయి.

పాత ఇనుము కొట్టు నుంచి కార్ల టర్బోలు వచ్చాయి. పొగ గొట్టంలోంచి వచ్చే వేడి పొగతో గిర్రున తిరిగి ఇంజిన్‌లోకి గాలి తోసే చక్రాలు వాటిల్లో ఉంటాయి. ఆ చక్రాలకి గట్టి తొడుగు కావాల్సి వచ్చింది. సన్నగా, తేలిగ్గా, వేడికి తట్టుకునేలా ఉండాలి. సరిగ్గా అప్పుడే అత్తగారి స్టీలు ఫ్లాస్కు కనబడకుండా పోయింది.

ఆమె ఇల్లంతా వెతికి, చివరికి చిక్కుడుకాయల గిన్నె పట్టుకుని షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకుంది. "అల్లుడూ, నా ఫ్లాస్కు చూశావా?"

"ఉందత్తయ్యా, ఇక్కడే ఉంది."

"మరి ఇటియ్యి."

పంపులాయన తేలు కుట్టిన దొంగలా బల్ల వైపు జరిగాడు. తర్వాత చిన్న మోటారు నొక్కి చక్రాన్ని తిప్పి, కిరోసిన్ వదిలి, నిప్పు తగిలించాడు. బల్లకి బిగించిన గొట్టం ముందు దగ్గింది, తర్వాత గుర్రుమంది, ఉన్నట్టుండి పెద్దగా కూత పెట్టింది. మడతక్క పేర్చిన పాత పేపర్లన్నీ షెడ్డులోంచి లేచి వీధి దాటి ఎదురింటి పెరట్లో పడ్డాయి. ఎదురింటావిడ తీగ మీద ఆరేసిన బట్టలు కొన్ని ఆ పక్కింటికి చేరాయి. చిక్కుడుకాయలు గిన్నెలో ఒక్కటి మిగల్లేదు.

కూత ఆగాక అత్తగారు చెవుల మీంచి చేతులు తీసి, "అదేనా నా ఫ్లాస్కు?" అంది.

"అదే అత్తయ్యా."

"పోనీలే. కాఫీ పోస్తే ఎటూ చల్లారిపోయేది" అని కాయలు ఏరుకోవడానికి లేచింది. ఆ రోజు నుంచి ఆమె నవ్వడం మానేసి పని చూడటం మొదలుపెట్టింది. రెండో ఇంజిన్‌కి ఇంకో ఫ్లాస్కు తనే ఎక్కడినుంచో సంపాదించి తెచ్చింది కూడా.

ఇంజిన్లు రెండు. నడుముకి అటొకటి, ఇటొకటి. మధ్యలో వీపుకి ఆనుకునే అల్యూమినియం చట్రం, దాని మీద కిరోసిన్ సంచి, పారాచూట్ సంచి. సూటు కుట్టే పని మడతక్క తీసుకుంది. పారాచూట్ పట్టీలు కుట్టే పెద్ద మిషను హాల్లో ఎలాగూ ఉంది. ఎగిరేది కోచ్ అని ఎవరూ చెప్పకుండానే అందరూ అనేసుకున్నారు. కొత్తది వస్తే అందులో మొదట దూరేది అతనే కదా.

అయితే కోచ్‌ని ఒకచోట నిలబెట్టడం బ్రహ్మతరం కాదు. పొద్దున్నుంచీ సాయంత్రందాకా క్లాసులు. కొలతల టేపు పట్టుకుని ఆవిడ వెంటపడితే, "నీకు తెలీని కొలతలా అక్కా, వేసెయ్" అని పరిగెత్తేవాడు. అందుకని ఆవిడ కుట్టిన ముక్కని కుట్టినట్టు తన ఒంటి మీదే వేసుకుని చూసుకునేది. భుజం దగ్గర జారినట్టుంటే కాస్త పట్టేది. నడుం దగ్గర వదులైతే ఇంకాస్త పట్టేది. మర్నాడు మళ్ళీ వేసుకునేది, మళ్ళీ పట్టేది. షెడ్డులో పంపులాయన పరిస్థితి కూడా అంతే. చట్రం ఎంత పొడవుండాలో తెలియక, వంటింట్లోకి వచ్చి, పొయ్యి దగ్గర నిలబడ్డ ఆవిడ వీపు మీద టేపు పెట్టి చూసుకుని వెళ్ళేవాడు. ఎవరి వీపైనా వీపే కదా అనుకున్నాడు. ఆవిడ గరిటె తిప్పడం ఆపకుండానే కాస్త నిటారుగా నిలబడేది. ఏం కొలుస్తున్నారని ఆవిడ అడగలేదు, కొలుస్తున్నది ఎవర్నని ఆయన ఆలోచించలేదు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. పంపులాయన వైద్యమంతా చెవితోనే. పొడవాటి స్క్రూడ్రైవరు కొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుంటాడు. లోపల ఏది అరిగింది, ఏది వదులైంది అన్నీ వినబడతాయి. అలా వింటుంటే ఓ రోజు ఎడమ ఇంజిన్‌లో సన్నటి ఈల వినబడింది. చక్రం ఇరుసు పట్టుకునే బేరింగ్‌లో ఏదో తేడా. అది మార్చాలంటే ఇంజినంతా విప్పాలి, అతుకులు కోయాలి, మళ్ళీ అతకాలి. అప్పటికే ఆయన విసిగి ఉన్నాడు. ఇంకోసారి విన్నాడు. "ఫర్వాలేదులే" అనుకున్నాడు. కోచ్ పడుచువాడు, వీపున పారాచూట్ ఉంటుంది, ఏదైనా అయితే లాగేసుకుంటాడు. ఫర్వాలేదు. ఆ ఈల సంగతి ఎవరికీ చెప్పలేదు.

సూటు తొడిగి చూసుకునే రోజు వచ్చింది. హాలు మధ్యలో కోచ్ నిలబడ్డాడు. కాళ్ళు దూర్చాడు. మోకాళ్ళ దాకా బాగానే వచ్చింది. అక్కణ్ణించి లాగుతుంటే ఇద్దరు కుర్రాళ్ళు చెరో పక్కా పట్టుకోవాల్సి వచ్చింది. జిప్పు బొడ్డు దగ్గరే ఆగిపోయింది. వీపు మీద చట్రం పెడితే సగం వీపుకే అయిపోయి, ఇంజిన్లు నడుం దగ్గర ఉండాల్సినవి పక్కటెముకల్లో గుచ్చుకున్నాయి. చేతులు చాపబోతే ఎక్కడో దారం పుటుక్కుమంది.

"ఇది ఎవరి కొలతలకి కుట్టావక్కా?" అన్నాడు కోచ్ ఊపిరి బిగబట్టి.

మడతక్క మొగుడి వైపు చూసింది. పంపులాయన చట్రం వైపు చూశాడు. కాసేపటికి ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

కోచ్‌ని ఎలాగో బయటికి లాగాక ఆవిడ ఆ సూటు దులిపి, తెగిన కుట్టు అక్కడికక్కడే వేసి, తనే తొడుక్కుంది. జిప్పు గడ్డం దాకా ఒక్క లాగుకి వచ్చేసింది. చట్రం వీపుకి అతుక్కుపోయింది. ఇంజిన్లు రెండూ నడుం పక్కన సరిగ్గా కుదురుకున్నాయి. ఆవిడ చేతులు చాపింది. గుడ్డ ఎక్కడా ముడత లేకుండా బిగిసింది. ఆవిడకి యాభై దాటాయి, జడలో సగం నెరిసింది. ఆ రెక్కలు చాపుకుని నిలబడితే మాత్రం పంపులాయనకి పెళ్ళిచూపుల నాటి మనిషే కనబడింది.

"విప్పి అతనికి మళ్ళీ కుట్టొచ్చు కదా" అన్నాడు ఆ సాయంత్రం భోజనాల దగ్గర.

"కుట్టను. ఇది నాది. నేనే వెళ్తాను."

"వద్దు."

"ఎందుకని? ఇన్నేళ్ళుగా దూకుతుంటే ఎప్పుడైనా వద్దన్నారా?"

"అది వేరు. నువ్వు మడిచింది నువ్వు వేసుకుంటావు. ఇది నేను చేసింది."

"మీరు చేస్తే మరీ మంచిది కదండీ." ఆవిడ మజ్జిగ గ్లాసు పక్కన పెట్టింది. "నిన్నటిదాకా కోచ్ వెళ్తాడంటే మీరు హాయిగా నిద్రపోయారు. నేను వెళ్తానంటే అన్నం కలిపి నోట్లో పెట్టుకోవట్లేదు. అతనికి బాగున్న ఇంజిన్ నాకెందుకు బాగుండదు?"

అత్తగారు తినడం ఆపి అల్లుడి మొహంలోకి చూసింది. ఆ ఇంట్లో అబద్ధం ఆడటం ఆయనకి చేతకాదు, చేతనైనా ఆ ఇద్దరి ముందు చెల్లదు. తల వంచుకుని, ఎడమ ఇంజిన్‌లో ఈల వస్తోందని చెప్పాడు. ఎప్పట్నించి అని ఆవిడ అడిగింది. అదీ చెప్పాడు.

ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. లేచి చెయ్యి కడుక్కుని, అప్పటికే మడిచి ఉన్న తువ్వాళ్ళన్నీ అల్మరాలోంచి తీసి, విప్పి, మళ్ళీ మడవడం మొదలుపెట్టింది. చాలాసేపటికి, ఆయన వైపు చూడకుండానే అంది: "ఆ కుర్రాడికి అమ్మ ఉందండీ. నేను మడిచిన ప్రతి సంచీ ఎవరో ఒకరి అమ్మ కోసం మడిచినట్టే మడుస్తాను. మీరు ఎవరికోసం చేశారు?"

పంపులాయన సిగ్గుతో చచ్చిపోయాడు. జీవితంలో ఆయన పని గురించి ఒకరు వేలెత్తి చూపడం అదే మొదటిసారి, చూపింది కూడా తన మనిషే.

మర్నాడు పొద్దున్నే క్లబ్బుకి వెళ్ళి, క్లాసు చెబుతున్న కోచ్‌ని పక్కకి పిలిచి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. కోచ్ కాసేపు తల గోక్కున్నాడు. "అంటే బాబాయ్, నా ప్రాణం ఫర్వాలేదనుకున్నారన్నమాట" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ నవ్వు మధ్యలో ఆగింది. పంపులాయన అతని రెండు చేతులూ పట్టుకుని, "తప్పయింది బాబూ" అన్నాడు. "సూటు పట్టకపోవడం నా అదృష్టం, ఇక నుంచి ఇంకాస్త ఎక్కువ తింటాను" అన్నాడు కోచ్, ఈసారి నిజంగా నవ్వుతూ.

ఇంటికొచ్చి పంపులాయన రెండు ఇంజిన్లూ విప్పేశాడు. ఎడమది ఒక్కటీ కాదు, రెండూ. ప్రతి అతుకూ కోశాడు. బేరింగులన్నీ కొత్తవి వేశాడు. ఇదివరకు చూసీ చూడనట్టు వదిలేసినవి ఒక్కొక్కటే బయటపడ్డాయి: ఓ మూల కాస్త వంకర అతుకు, పట్టు సరిగా లేని ఓ క్లిప్పు, కిరోసిన్ గొట్టం రాసుకునే ఓ అంచు. ఒక్కోటి కనబడ్డప్పుడల్లా తల పట్టుకునేవాడు. అత్తగారు గుమ్మంలో కూర్చుని, "ఇప్పుడెలా ఉంది అల్లుడూ?" అంటే, అలవాటుగా నోటిదాకా వచ్చిన "ఫర్వాలేదు"ని మింగేసి, "బాగుంది" అనో "బాగాలేదు" అనో అనేవాడు. ఆ ఇంట్లో ఆ మూడో మాటకి అప్పట్నించి చోటు లేకుండా పోయింది.

ఈలోగా మడతక్క ఇంజిన్లు లేని రెక్కలతో కోచ్ వెంట దూకి దూకి అలవాటు చేసుకుంది. ఇంట్లో ఖాళీ దొరికితే స్టూలు మీద బోర్లా పడుకుని చేతులు కాళ్ళు చాపేది. బల్బు మార్చే స్టూలే అది. "ఈవిడకేం పని లేదా?" అని వచ్చినవాళ్ళెవరైనా అడిగితే, "మా అమ్మాయి విమానం నేర్చుకుంటోంది" అని అత్తగారు గొప్పగా చెప్పేది. షెడ్డు గోడకి తాడు కట్టి ఇంజిన్లు ఎంత గుంజుతున్నాయో చూశారు. హాల్లో దూలానికి ఆవిణ్ణే వేలాడదీసి, ఇంజిన్లు ఆపి పారాచూట్ పిడి అందుకోవడం, మళ్ళీ ఆపి అందుకోవడం, నిద్రలో లేపినా చేసేంతగా చేయించారు.

ఒక్కటే మిగిలింది. దూకేముందు పైన ఇంజిన్లు ఎలా ఉన్నాయో ఎవరు చెప్పాలి? విమానం హోరులో చెవి పనిచేయదు. బెలూన్ అయితే మంట ఆపగానే పైన చడీచప్పుడూ ఉండదు, బుట్టలోంచి హాయిగా వినొచ్చు అన్నాడు కోచ్. వినడం ఒక్కరికే వచ్చు. అందరూ ఆ ఒక్కరి వైపు తిరిగారు.

"నేనా?" అన్నాడు పంపులాయన.

"మడిచినవాళ్ళు దూకాలన్నది మా హాల్లో మాట" అంది మడతక్క. "మిమ్మల్ని దూకమనట్లేదు. నిలబడమంటున్నాను. మీరు చెవి పెట్టి వెళ్ళమంటే వెళ్తాను, వద్దంటే మీతోనే దిగొచ్చేస్తాను. కింద నిలబడి ఎవరైనా చెప్తారండీ బాగుందని."

ఆయన కాదనలేకపోయాడు.

గాలి లేని ఓ తెల్లవారుజామున బెలూన్ లేచింది. బెలూన్ నడిపే ఆవిడ ఎవరికీ భయపడని మనిషి. పంపులాయన బుట్టలోకి ఎక్కుతూనే ఓ తాడు నడుముకి కట్టుకుని రెండో కొస బుట్టకి కట్టుకోవడం చూసి, "మీరు దూకట్లేదుగా బాబాయ్?" అంది.

"దూకకుండా ఉండడానికే ఇది" అని ఆయన బుట్ట అడుగున చతికిలబడి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఒళ్ళో స్క్రూడ్రైవరు. నేల వదిలిన సంగతి కడుపే చెప్పింది. నెత్తిన మంట గర్జిస్తోంది, ఆగుతోంది, మళ్ళీ గర్జిస్తోంది. చాలాసేపటికి పూర్తిగా ఆగింది. ఎక్కడో చాలా కింద ఓ కుక్క మొరగడం వినబడింది. అంత కిందినుంచి వినబడుతోందేమిటా అనుకుని పంపులాయన ఇంకా గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

మడతక్క అప్పటికే బుట్ట బయట ఉన్న మెట్టు మీదికి దిగి నిలబడింది. మోటారు చప్పుడైంది, ఒక ఇంజిన్ దగ్గి అందుకుంది, రెండోదీ అందుకుంది. "రండి" అంది ఆవిడ.

ఆయన లేచాడు. ఎలా లేచాడో ఆయనకే తెలీదు. బుట్ట అంచు రొమ్ముకి తగిలేదాకా జరిగి, కళ్ళు తెరవకుండానే స్క్రూడ్రైవరున్న చెయ్యి బయటికి చాపాడు. ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుని ఎడమ ఇంజిన్ మీదికి తీసుకెళ్ళి ఆనించింది. పిడి చెవికి పెట్టుకున్నాడు. ఒక్క స్వరం, నిండుగా, ఎక్కడా గీత పడకుండా. ఈల కోసం వెతికాడు. గతంలో ఏదైతే వినకూడదనుకున్నాడో దానికోసమే ఇప్పుడు ప్రాణం చెవిలో పెట్టుకుని వెతికాడు. లేదు. ఆవిడ చెయ్యి కుడి ఇంజిన్ దగ్గరికి తీసుకెళ్ళింది. అదీ అంతే. మళ్ళీ ఎడమది వింటానన్నాడు. విన్నాడు.

"చెప్పండి" అంది ఆవిడ.

వద్దు అని ఒక్క మాట అంటే చాలు, ఇద్దరూ కలిసి ఇంటికెళ్ళి కాఫీ తాగొచ్చు. ఆ మాట నాలుక చివర్నే ఉంది. కానీ చెవి వేరే చెబుతోంది.

"బాగుంది" అన్నాడు పంపులాయన. "వెళ్ళిరా."

మణికట్టు మీంచి చెయ్యి తొలగింది. బుట్ట ఒక్కసారి తేలికై ఊగింది.

చప్పుడు కిందికి పడిపోయింది. ఆయన బుట్ట అంచు రెండు చేతులా పట్టుకుని వింటున్నాడు. ఎప్పటిలాగే కిందికి, ఇంకా కిందికి, సన్నబడి సన్నబడి కుక్క మొరుగు పక్కకి చేరింది. పడిపోతోంది, ఇన్నేళ్ళూ పడ్డట్టే పడిపోతోంది, నేను చేసిందంతా ఇంతేనా అనుకున్నాడు. అంతలో స్వరం మారింది. గొంతు పెంచింది. కింద ఉన్నదల్లా ముందుకి జరిగింది. జరిగి, చుట్టూ తిరుగుతూ, కాస్త దగ్గరైంది. పంపుల్లో నీళ్ళు గొట్టమెక్కేటప్పుడు వచ్చే మార్పు ఆయనకి బాగా తెలుసు. ఇది అదే. చప్పుడు ఆయన మోకాళ్ళ ఎత్తుకి వచ్చింది. భుజాల ఎత్తుకి వచ్చింది. అక్కడ ఆగుతుందనుకున్నాడు. ఆగలేదు. తల మీదికి వెళ్ళింది.

పైకి చూడడానికి ఎవరికైనా భయమెందుకు? పంపులాయన కళ్ళు తెరిచాడు.

బెలూన్‌కి ఓ పక్కగా, బుట్టకంటే ఎత్తున, రెక్కలు చాపుకుని ఆవిడ ఎండలోకి వెళ్తోంది. పైకి వెళ్తోంది. ఆయన తల వెనక్కి వంచి, నోరు తెరుచుకుని, మెడ నొప్పి పుట్టేదాకా చూశాడు. కిందికి ఒక్కసారీ చూడలేదు. చూడాలని కూడా తోచలేదు.

కిరోసిన్ అయిపోయేసరికి ఇంజిన్లు ఆగాయి, ఆవిడ మడిచిన పారాచూట్ ఎప్పటిలాగే విచ్చుకుంది. బెలూన్ ఓ కోత కోసిన పొలంలో రెండు గెంతులు గెంతి, బుట్టని పక్కకి పడేసి ఆగింది. పంపులాయన నడుం తాడు ముడి విప్పుకోలేక, చివరికి బెలూన్ ఆవిడ కోస్తే, పాకుతూ బయటికొచ్చాడు. అలాగే నేల మీద కూర్చున్నాడు.

అటునుంచి మడతక్క నడిచొస్తోంది. పారాచూట్ గుడ్డంతా గుట్టగా చేతుల్లో పోగేసుకుని, తాళ్ళు వెనక ఈడ్చుకుంటూ వస్తోంది. ఆవిడ గుడ్డని అలా మడవకుండా మోసుకురావడం ఆయన చూడటం అదే మొదటిసారి. ఏటా అడిగే ప్రశ్న అడుగుదామని నోరు తెరిచాడు.

ఆవిడ గుడ్డ పక్కన పడేసి ఆయన ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"ఎగిరొచ్చానండీ" అంది.

పంపులాయన ఏడ్చేశాడు. చిన్నపిల్లాడిలా, దాచుకోకుండా ఏడ్చాడు. చొక్కా చెయ్యి అప్పటికే మసి. జేబులో వెతికి, ఇస్త్రీ రుమాలు బయటికి తీసి, ఒక్కో మడతా విప్పి, మొహం తుడుచుకున్నాడు.